ఫొటో 20 కేబీ, సంతకం 10 కేబీ: స్కూష్ ఎంతవరకు పనికొస్తుంది?

ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల దరఖాస్తులో ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. ఎడమ బొటనవేలి ముద్ర 240×240, 20 నుంచి 50 కేబీ. చేతిరాత డిక్లరేషన్ 800×400, 50 నుంచి 100 కేబీ. ఫోన్‌లో తీసిన ఫొటో చూస్తే మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. దాంతో చాలామంది గూగుల్‌లో ‘20 కేబీకి కంప్రెస్’ అని కొట్టి, ముందు కనిపించిన సైట్‌లో నాలుగూ ఒకదాని వెంట ఒకటి ఎక్కించేస్తారు. అంటే ఒకే మనిషి ముఖం, సంతకం, వేలిముద్ర ఎవరిదో తెలియని సర్వర్‌కి ఒకే పూటలో చేరిపోతాయి. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల దారిలో ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులు మన దగ్గర నమోదైనవే. వేలిముద్ర ఫొటో విషయంలో ఎంత జాగ్రత్తపడినా తక్కువే.

స్కూష్‌ని గట్టిగా సిఫారసు చేయడానికి మొదటి కారణం ఇదే. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ బృందం 2018లో విడుదల చేసిన ఉచిత వెబ్ పనిముట్టు ఇది. చిరునామా స్కూష్ డాట్ యాప్ (squoosh.app). ఖాతా అక్కర్లేదు, వాటర్‌మార్క్ పడదు, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఫొటోని కుదించే ప్రోగ్రామ్ వెబ్ అసెంబ్లీ రూపంలో మీ బ్రౌజర్‌లోకే దిగి, మీ కంప్యూటర్ ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఫొటో బయటికి పోదు. నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చాలు: ఏదో ఒక మామూలు ఫొటోతో ఒకసారి పని నడిపించి, తర్వాత వైఫై ఆపేసి, ఇంకో ఫొటో వేయండి. నెట్ లేకపోయినా పని అవుతుంది. సర్వర్‌కి పంపే సైట్ అయితే అక్కడే ఆగిపోతుంది. ఒకటి మాత్రం చెప్పాలి. గూగుల్ అనలిటిక్స్ ద్వారా సందర్శకుల మామూలు వివరాలు, ఫైల్ ముందు ఎంత సైజు, తర్వాత ఎంత అన్న అంకెలు సేకరిస్తామని వాళ్లే రాసుకున్నారు. బొమ్మ మాత్రం వెళ్లదు.

ఫొటో వేయగానే తెర రెండు భాగాలవుతుంది. మధ్యలో జరిపే గీత ఉంటుంది. దానికి ఒకపక్క అసలు ఫొటో, రెండోపక్క కుదించినది. కుడివైపు పెట్టెలో ‘కంప్రెస్’ దగ్గర మోజ్‌జెపెగ్ (జెపెగ్ ఫైల్‌ని బాగా చిన్నది చేసే ప్రోగ్రామ్) ఎంచుకుని, పైనున్న ‘రీసైజ్’ ఆన్ చేయాలి. వెడల్పు 200, ఎత్తు 230 కొట్టాలంటే ముందు ‘మెయిన్‌టైన్ యాస్పెక్ట్ రేషియో’ టిక్ తీసేయాలి. లేకపోతే ఒకటి మారిస్తే రెండోది దానంతటదే మారిపోతుంది. టిక్ తీయగానే కింద ‘ఫిట్ మెథడ్’ అని కొత్త వరస వస్తుంది. అక్కడ ‘స్ట్రెచ్’ ఉంటే ముఖం అడ్డంగా సాగుతుంది, దాన్ని ‘కంటైన్’కి మార్చండి. పేరు చూసి చుట్టూ ఖాళీ వదులుతుందేమో అనుకోవద్దు, ఇక్కడ ఆ మాటకి అర్థం మధ్య భాగం ఉంచి మిగిలింది కత్తిరించడం. 3000×4000 నిలువు ఫొటోలో పైన 275, కింద 275 పిక్సెళ్లు పోతాయి. తల ఫ్రేమ్ పైఅంచుకి ఆనుకుని ఉంటే నెత్తి తెగుతుంది. స్కూష్‌లో క్రాప్ లేదు, ఎక్కడ కోయాలో చెప్పే వీలూ లేదు. అందుకే ముఖం, భుజాలు వచ్చేలా ఫోన్ గ్యాలరీలోనో విండోస్ పెయింట్‌లోనో ముందే కోసుకుని తెచ్చుకోవాలి. ఇది నిజంగా పెద్ద లోటు.

ఇక సైజు. అందరూ పైహద్దు చూసుకుని భయపడతారు గానీ, ఇంత చిన్న బొమ్మల్లో దెబ్బతీసేది కిందిహద్దు. మోజ్‌జెపెగ్ క్వాలిటీ మొదట 75 దగ్గర ఉంటుంది. 200×230 అంటే మొత్తం 46 వేల పిక్సెళ్లే. వెనక తెల్లటి గోడ ఉన్న ఫొటో 75 దగ్గర 10 కేబీకి అటూఇటూగా తేలి, ఫారం ‘సైజు తక్కువ’ అని తిప్పికొడుతుంది. క్వాలిటీని 90 దాటించి, మెల్లగా పెంచుతూ కింద కనిపించే అంకె చూసుకోండి. మామూలుగా జెపెగ్ వెలుతురు వివరం పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని తగ్గించి దాస్తుంది. క్వాలిటీ 90 నుంచి పైన మోజ్‌జెపెగ్ దానంతటదే రంగు కూడా పూర్తిగా ఉంచుతుంది కాబట్టి సైజు పెరుగుతుంది, ఫొటో కూడా బాగుపడుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. స్కూష్ కేబీ అంటే 1000 బైట్లు. విండోస్ లెక్కలో 1024. స్కూష్‌లో సరిగ్గా 20 అని కనిపించిన ఫైల్ 1024 లెక్కలో 19.5 మాత్రమే. ఫారం ఏ లెక్క వాడుతుందో బయటికి తెలియదు. కాబట్టి 20–50 అన్నచోట 25 నుంచి 45 మధ్య ఆపండి, రెండు లెక్కల్లోనూ గట్టెక్కుతారు.

సంతకం ఇంకా మొండిది. 140×60 అంటే 8,400 పిక్సెళ్లు, అందులో ఎక్కువ భాగం తెల్ల కాగితమే. క్వాలిటీ 100కి తోసినా 10 కేబీ అందకపోవచ్చు. ఐబీపీఎస్ సూచనల్లో పిక్సెల్ కొలత పక్కన ‘ప్రిఫర్డ్’ అని ఉంటుంది, ఫైల్ సైజు పక్కన ఆ సడలింపు లేదు. కాబట్టి అదే నిష్పత్తి ఉంచి 280×120 చేయడం సరైన దారి. పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, క్వాలిటీ జరుపుతూ 10–20 లోపల కూర్చోబెట్టడం సులువవుతుంది. అసలు ఫొటో మాత్రం నల్ల ఇంకు పెన్నుతో తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో, చెయ్యి నీడ పడకుండా తీయాలి. నీడ ఉంటే సంతకం వెనక బూడిదరంగు మచ్చ అలాగే ఉండిపోతుంది. స్కూష్‌లో వెలుతురు సవరించే చోటే లేదు. బొటనవేలి ముద్రకు ఈ తిప్పలు ఉండవు. గీతలు నిండుగా ఉంటాయి కాబట్టి సైజు సులువుగా వస్తుంది. అక్కడ జూమ్ చేసి గీతలు విడివిడిగా ఉన్నాయా లేదా చూసుకోవాలి.

సైజు అంతా సరిగ్గా ఉన్నా ఫారం తీసుకోకపోతే, మోజ్‌జెపెగ్ బదులు ‘బ్రౌజర్ జెపెగ్’ పెట్టి చూడండి. మోజ్‌జెపెగ్ మామూలుగా ప్రోగ్రెసివ్ పద్ధతిలో, అంటే బొమ్మ ముందు మసకగా వచ్చి తర్వాత తేటపడేలా, రాస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములకు అది కొరుకుడుపడదు. దరఖాస్తుల కోసం వెబ్‌పీ, ఏవీఐఎఫ్ అనే కొత్త ఫొటో ఫార్మాట్ల జోలికి పోవద్దు. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలి ఫార్మాట్ మారదు.

మన చదువరులకి పనికొచ్చే ఇంకో వాడకం తెలుగు అక్షరాలున్న బొమ్మలు. నోటిఫికేషన్ స్క్రీన్‌షాట్‌ని జెపెగ్‌లో బాగా పిండితే అక్షరాల అంచుల చుట్టూ మసక చేరుతుంది. ఎందుకంటే జెపెగ్ బొమ్మని 8×8 గడులుగా కోసి, ఒక్కో గడిలోని సన్నని తేడాలు పారేస్తుంది. తెలుగుకి ప్రాణం ఆ సన్నని తేడాల్లోనే ఉంది. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ తేడా అడుగున ఉండే చిన్న గీత ఒక్కటే. చిన్న అక్షరాల మీద క్వాలిటీ 30కి దించి, జూమ్ చేసి, మధ్య గీతని ‘ధర’ అన్న మాట మీదుగా అటూఇటూ జరపండి. ఒకపక్క ‘ధ’ స్పష్టంగా ఉంటుంది, రెండోపక్క దాని కాలు మసకలో కలిసి ‘దర’లా కనిపిస్తుంది. ఇలా కళ్లముందు పోల్చి చూపించడం స్కూష్‌లో అన్నిటికన్నా మంచి గుణం. అక్షరాల బొమ్మలకు పీఎన్‌జీ ఫైల్ ఇచ్చే ఆక్సీపీఎన్‌జీ ఎంచుకుని, ‘రెడ్యూస్ ప్యాలెట్’ ఆన్ చేసి, రంగులు 256 నుంచి 16కి తగ్గించి, ‘డిథరింగ్’ సున్నా చేయండి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు 16 ఛాయలు సరిపోతాయి. డిథరింగ్ అలాగే వదిలేస్తే తెల్లటి చోట ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి, సైజూ పెరుగుతుంది.

సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లకి ఏవీఐఎఫ్ బాగా కలిసొస్తుంది. కాకపోతే పాత ల్యాప్‌టాప్ మీద ‘ఎఫర్ట్’ పెంచితే ఒక్కో ఫొటోకి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. క్వాలిటీ మరీ దించితే చర్మం మైనం పూసినట్టు అవుతుంది. ఇంకో మంచి సంగతి, సేవ్ అయిన ఫైల్‌లో ఫొటో తీసిన స్థలం, తేదీ వంటి వివరాలు ఏవీ మిగలవు. ఇంటి ఫొటోలు పెట్టేవాళ్లకి ఇది ఊరట.

లేనివి కూడా చెప్పుకోవాలి. ‘30 కేబీకి దించు’ అని నేరుగా అడిగే చోటు లేదు, స్లయిడర్ జరుపుతూ మీరే చేరాలి. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) మార్చే చోటు లేదు. ఒకసారికి ఒక్క ఫొటోనే. కమాండ్ లైన్ రూపం ఒకటి ఉండేది గానీ దాని అభివృద్ధి ఆపేశారు. యాభై ఫొటోలున్న పనికి స్కూష్ పెట్టుకోవద్దు, ఎక్స్ఎన్ కన్వర్ట్ దించుకోండి. అదీ ఉచితంగా సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫొటోలు క్రోమ్‌లో తెరుచుకోవు. తీసే ముందే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టుకుంటే నేరుగా జేపీజీ వస్తుంది.

సేవ్ చేసినప్పుడు స్కూష్ పాత పేరే ఉంచుతుంది. అదే ఫోల్డర్‌లో అసలు ఫైల్ ఉంటే బ్రౌజర్ పక్కన (1) అని చేరుస్తుంది. గడువు చివరి రోజు తొందరలో నాలుగు ఎంబీల అసలుదే మళ్లీ ఎక్కించి, ఎందుకు తిరస్కరిస్తోందో అర్థం కాక తలపట్టుకోవడం తరచూ జరిగేదే. సేవ్ అయిన వెంటనే పేరు మార్చి, వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని, అక్కడినుంచే ఎక్కించండి.