తెల్ల మ్యాక్‌బుక్‌లో మినీ డీవీఐ పోర్టు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

నాది 2009 మొదట్లో వచ్చిన తెల్ల ప్లాస్టిక్ మ్యాక్‌బుక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఇప్పటికీ ఇంట్లో టైపింగ్‌కి, పాటలకి అదే. ఎడమ పక్క ఈథర్నెట్, ఫైర్‌వైర్ పోర్టుల మధ్య ఉన్న చిన్న పోర్టే మినీ డీవీఐ, బయటి మానిటర్‌కో టీవీకో బొమ్మ పంపేది ఇదే. పోర్టుకి వంక పెట్టలేను గానీ దానికి తగిలించే అడాప్టర్లే అసలు తలనొప్పి.

బొమ్మ మాత్రం సూపర్. 1920×1200 పిక్సెళ్ల దాకా ఇస్తుంది కాబట్టి ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి డీవీఐ (డిజిటల్ రకం) అడాప్టర్‌తో పెడితే తెలుగులో ఒత్తులు, గుడులు కూడా నీట్‌గా కనిపిస్తాయి, అదే మానిటర్‌కి వీజీఏ (పాత అనలాగ్ రకం) తో పెడితే కాస్త మసకే.

ఇక చిక్కు ఏంటంటే డీవీఐకి ఒక అడాప్టర్, వీజీఏకి ఇంకోటి, పాత టీవీకి మరోటి. డీవీఐది ఉందిగా, దాని చివర మామూలు డీవీఐ-వీజీఏ కన్వర్టర్ గుచ్చేద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే ఆపిల్ డీవీఐ అడాప్టర్‌లో వీజీఏకి కావాల్సిన అనలాగ్ పిన్నుల కోసం రంధ్రాలే ఉండవు. షాపువాళ్లు మాత్రం పడుతుందండీ తీసుకెళ్లండి అంటారు. హెచ్‌డీఎంఐ టీవీకి పెడితే బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు, హెడ్‌ఫోన్ జాక్ నుంచి వేరే వైరు లాక్కోవాల్సిందే.

ఇంకోటి, మానిటర్ కేబుల్ అడాప్టర్‌కి స్క్రూలతో బిగుస్తుంది గానీ అడాప్టర్ ల్యాప్‌టాప్‌కి బిగించడానికి ఏమీ ఉండదు. లావుపాటి వీజీఏ కేబుల్ బరువంతా ఆ బుల్లి పోర్టు మీదే వేలాడుతుంది. నేను కొన్న పేరులేని చవక అడాప్టర్ అలాగే మెడ దగ్గర వదులైపోయి, ముట్టుకుంటే చాలు స్క్రీన్ గులాబీ రంగులోకి పోయేది. ఇప్పుడు కేబుల్ కింద పుస్తకం పెట్టి ఎత్తు చేస్తున్నా.

2008 గురించి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒకే కంపెనీ ల్యాప్‌టాపుల్లో మ్యాక్‌బుక్ ప్రోకి పెద్ద డీవీఐ, మ్యాక్‌బుక్‌కి మినీ డీవీఐ, మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి మైక్రో డీవీఐ, అక్టోబర్ వచ్చేసరికి కొత్తవాటికి మినీ డిస్‌ప్లేపోర్ట్! ఆ చివరిది వేరే కంపెనీలు కూడా వాడాయి కాబట్టి దాని అడాప్టర్లు ఇంకా సులువుగానే దొరుకుతాయి, మనది అలా కాదు.

ఎవరైనా ఈ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే అడాప్టర్ కూడా కలిపి ఇస్తేనే బేరం అనండి. మినీ డిస్‌ప్లేపోర్ట్‌ది చేతిలో పెట్టి రెండూ ఒకటే అంటే నమ్మకండి, అది ఇందులో దూరదు.