పొగ వాసన సల్సాకి చిపోట్లేనా, అర్బోలా?

మెక్సికో ఎండుమిర్చి సల్సా, అంటే అక్కడి పచ్చడి, ఇంట్లో చేయాలంటే, ముందు ఆ పొగ వాసన ఎక్కడి నుంచి రావాలో తేల్చుకోవాలి. చిపోట్లే, అర్బోల్ రెండూ అక్కడి ఎండుమిర్చి రకాలే.

చిపోట్లేలో పొగ కాయలోనే ఉంటుంది. పండి ఎర్రబడ్డ హలపీన్యో అనే మిరపకాయలను పొగబెట్టి ఎండిస్తారు. మెక్సికో ఆదివాసుల నహువాట్ల్ భాషలో ఆ పేరుకి అర్థమే పొగబెట్టిన మిరప. ఇందులోనూ రెండు రకాలు: ముదురు ఎరుపు మొరీటా, ఇంకా ఎక్కువసేపు పొగలో ఉండి మట్టిరంగుకి తిరిగే మెకో. మొరీటాలో కాస్త తీపి, పండు వాసన ఉంటాయి. నా ఓటు దానికే. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఉప్పు వేసి రుబ్బితే చాలు. మిక్సీ కన్నా రోట్లో రుబ్బిందే బాగుంటుంది. అక్కడివాళ్ల నల్లరాతి రోలు పేరు మోల్కహేతె.

అర్బోల్ సన్నటి కాయ, తోలు పలుచన. పొగ వాసన మనమే పుట్టించాలి. పొడి పెనం మీద సన్న సెగన అర నిమిషం వేయించాలి, అంతే. నల్లబడిందా, సల్సా అంతా చేదు. కిటికీలు తెరిచి పెట్టుకోండి, లేదంటే ఇంటిల్లిపాదీ దగ్గుతారు! కారం కూడా ఎక్కువే: కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 15,000 నుంచి 30,000. చిపోట్లే 8,000 దాటడం అరుదు. పచ్చి టమాటాల్లా ఉండే పుల్లటి తొమతీయో కాయలు అర్బోల్‌కి సరైన జోడి.

అర్బోల్ దొరక్కపోతే గుంటూరు ఎండుమిర్చితో పని జరిగిపోతుంది. చిపోట్లేకి మాత్రం మన వంటింట్లో బదులు లేదు, కొనాల్సిందే.