నెల్లూరు నుంచి సింగపూర్: గాలిలో నాలుగు గంటలే

టికెట్లు తీసుకున్న రోజు నుంచి నాన్నది ఒకటే ప్రశ్న: "సింగపూర్ ఎంత దూరంరా?" చెన్నై నుంచి నేరుగా గీత గీస్తే సుమారు 2,900 కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటల పైచిలుకు అన్నాను. "అయితే హైదరాబాదు బస్సులో సగం సేపే" అని తేల్చేశారు.

ఆ లెక్కలో నెల్లూరు లేదు. ఇక్కడి నుంచి చెన్నై విమానాశ్రయానికి దాదాపు 175 కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్న కారు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తడ దాటేదాకా బాగానే నడిచింది కానీ రెడ్ హిల్స్ దగ్గర లారీల వెనక చిక్కుకున్నాం. చేరేసరికి ఎనిమిదింబావు. మలై కాజాల డబ్బాను నాన్న ఒడిలోంచి దించలేదు.

విమానం రాత్రి పదకొండున్నరకు. హోటల్లో ఒక రాత్రి అద్దె మిగులుతుందని తెలివిగా ఎంచుకున్నాను. తప్పు చేశాను. ఎక్కిన గంటన్నర భోజనాల సందడి. దిగడానికి అరగంట ముందే దీపాలు వెలిగాయి. మిగిలింది రెండు గంటల కునుకు. నాన్నకు అదీ లేదు. ఎదుటి తెరమీద అండమాన్ సముద్రం, సుమత్రా కొన, మలక్కా జలసంధి వరసగా చూస్తూ కూర్చున్నారు. దిగేసరికి అక్కడ ఆరుంబావు, మన గడియారంలో మూడుముప్పావు. అక్కడి సమయం రెండున్నర గంటలు ముందు. వచ్చేవారు పూరించాల్సిన అరైవల్ కార్డు ముందే ఆన్‌లైన్‌లో ఇచ్చేశాం కాబట్టి ఇమిగ్రేషన్‌లో ఇబ్బంది పడలేదు.

చాంగీ విమానాశ్రయం నుంచి టాక్సీ అక్కరలేదు. మెట్రోలో ఎక్స్‌పో దగ్గర డౌన్‌టౌన్ లైనుకు మారితే నేరుగా మా హోటలున్న భారతీయుల పేట, లిటిల్ ఇండియా. చిక్కల్లా గదితోనే వచ్చింది. మధ్యాహ్నం మూడింటిదాకా ఇవ్వలేమన్నారు. పెట్టెలు మాత్రం ఉచితంగా ఉంచుకున్నారు. మిగిల్చిన అద్దె ఇలా కాళ్ళనొప్పుల రూపంలో కట్టాం. వీరమాకాళియమ్మన్ గుడిలో కాసేపు కూర్చుని, టెక్కా సెంటర్‌లో దోసెలు తిన్నాం. నాన్న అరకొర తమిళంతోనే అందరినీ పలకరించేశారు. సింగపూర్ నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. తీరా గదిలోకి వెళ్ళి పరదా తీస్తే వెనక గోడ! ఫొటోలో పరదా చూసి కిటికీ ఉందనుకున్నాను. కిటికీ ఉందా అని అడిగి మరీ తీసుకోండి. గది శుభ్రంగానే ఉంది, ఏసీ చల్లగా పనిచేసింది, ఆ పేట ప్రధాన వీధి సెరంగూన్ రోడ్డు నాలుగడుగులు. మళ్ళీ వెళ్ళినా ఆ వీధిలోనే దిగుతాను, ఆ గదిలో కాదు.

తిరుగు ప్రయాణం పగటిపూట పెట్టాను. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే మన సమయం పదిన్నర కాకముందే చెన్నైలో ఉన్నాం. కారు పిలవలేదు. విమానాశ్రయం నుంచి మెట్రోలో సెంట్రల్‌కు, అక్కడ తీరిగ్గా భోంచేసి మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా పెన్న నదికున్న మరో పేరు పెట్టుకున్న బండి కాబట్టి నాన్నకు దాని మీద పక్షపాతం ఎక్కువ. సూళ్లూరుపేట దాటగానే నిద్రపోయారు. నెల్లూరు స్టేషన్లో లేపితే, "ఏ సముద్రం దాటాం?" అన్నారు.