ఏవరీనా, హెర్షీ–చేజా: డీఎన్ఏకి గట్టి సాక్ష్యం ఎవరిది?

ఇంటర్ బయాలజీలో ఈ పాఠం అవగానే ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: జన్యు పదార్థం డీఎన్ఏనే అని తేల్చింది ఏవరీ బృందమా, హెర్షీ–చేజా? పుస్తకం హెర్షీ–చేజ్ వైపే మొగ్గుతుంది. పరీక్షలో అదే రాయండి. నా ఓటు మాత్రం ఏవరీకే.

1952 నాటి హెర్షీ–చేజ్ ప్రయోగం చెప్పడానికి భలేగా ఉంటుంది. టీ2 ఫేజ్ అంటే బాక్టీరియాకి సోకే వైరస్: ప్రోటీన్ తొడుగు, లోపల డీఎన్ఏ, దాదాపు అంతే. గంధకం ప్రోటీన్‌లోనే ఉంటుంది, భాస్వరం దాదాపు అంతా డీఎన్ఏలోనే. అందుకని జాడ పట్టడానికి కొన్ని ఫేజ్‌లకి రేడియోధార్మిక గంధకం-35, ఇంకొన్నిటికి భాస్వరం-32 పట్టించి బాక్టీరియా మీదికి వదిలారు. అవి అంటుకున్నాక బ్లెండర్‌లో వేసి తిప్పారు. మన వంటింటి మిక్సీ లాంటిదే. ఊడిన తొడుగులు పైన ద్రవంలో తేలాయి, బరువైన బాక్టీరియా సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి బరువైనవాటిని కిందికి దించే యంత్రం) గొట్టం అడుగున పేరుకుంది. గంధకం ఎక్కువగా పైన, భాస్వరం ఎక్కువగా అడుగున దొరికింది, అంటే లోపలికి వెళ్లింది డీఎన్ఏ. బోర్డు మీద రెండు బొమ్మలు గీస్తే వెనక బెంచీకి కూడా అర్థమవుతుంది.

లెక్కల దగ్గరకొస్తేనే ఇబ్బంది. గంధకం ఊడింది 75–80 శాతమే, మిగతాది బాక్టీరియాకే అంటుకుని ఉండిపోయింది. భాస్వరంలోనూ 21–35 శాతం బయటికొచ్చేసింది. పిల్ల ఫేజ్‌లలో పాత గంధకం 1 శాతం కూడా లేకపోవడం వాళ్లకి పెద్ద బలం, కాదనను. అయినా గంధకం లేని ప్రోటీన్ ఏదైనా లోపలికి దూరి ఉంటే ఈ పద్ధతికి దొరకదు. హెర్షీకి ఆ సంగతి తెలుసు, అందుకే పేపర్‌లో ఆచితూచి రాశాడు. తొందరపడింది పుస్తకాలే.

1944లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ వేరే దారి పట్టారు. ఏది ఎక్కడికి పోయిందని వెతకలేదు, ఏది పాడైతే పని ఆగిపోతుందో చూశారు. నాకు ఇదే అసలు పరీక్ష. న్యుమోనియా తెచ్చే బాక్టీరియా న్యుమోకాకస్‌లో రోగం తెచ్చేది ఎస్ రకం, తేనిది ఆర్ రకం; చంపిన ఎస్ సారం కలిపితే ఆర్ కాస్తా ఎస్‌గా మారుతుంది. ఆ సారంలో ప్రోటీన్‌ని కరిగించే ట్రిప్సిన్ కలిపారు, ఆర్ రకం ఎస్ రకంగా మారుతూనే ఉంది. ఆర్‌ఎన్ఏని కరిగించే ఎంజైమ్‌తోనూ అంతే. డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్ పడగానే మార్పు ఆగిపోయింది. శుద్ధి చేసిన పదార్థాన్ని 60 కోట్ల వంతుల్లో ఒక వంతుకి పలచబరిచినా పని చేసింది.

అయినా ఎవరూ వెంటనే ఒప్పుకోలేదు. ప్రోటీన్ జాడ మిగిలి ఉండొచ్చని అదే సంస్థలోని మిర్‌స్కీ పట్టుబట్టాడు. డీఎన్ఏ అంటే నాలుగు క్షారాలు విసుగ్గా తిరిగి తిరిగి వచ్చే గొలుసని, అలాంటిది వారసత్వ సమాచారం మోయలేదని అప్పటి నమ్మకం. 1950 కల్లా జీవరసాయన శాస్త్రవేత్త ఛార్గాఫ్ ఆ నమ్మకాన్ని కదిలించాడు. అంటే హెర్షీ–చేజ్ వచ్చేసరికి నేల దున్ని ఉంది. హెర్షీకి 1969లో నోబెల్ వచ్చింది, ఏవరీ 1955లోనే ఖాళీ చేతులతో పోయాడు.

పొగాకు మొజాయిక్ వైరస్ గురించీ అడుగుతుంటారు. 1956లో గీరర్, ష్రామ్ దాని ఆర్‌ఎన్ఏ ఒక్కదానితోనే ఆకుకి రోగం తెప్పించారు. ఆర్‌ఎన్ఏ వైరస్‌ల ప్రశ్న వస్తే ఇది రాయండి, డీఎన్ఏ తగువులో దీనికి పని లేదు.