ఎక్స్27.168 మీటర్ మోటార్ కిట్: సరుకు మంచిదే, తిప్పలన్నీ ముల్లు దగ్గరే

కారు డ్యాష్‌బోర్డులో స్పీడోమీటర్ లాంటి మీటర్ల ముళ్లను తిప్పే చిన్న మోటార్ ఇది. ఎక్స్25.168 మోటార్లున్న మీటర్ బోర్డులో నేరుగా కూర్చుంటుంది. నాలుగే పిన్నులు, టంకం పని తేలికే. మార్చాక కూడా ముల్లు వణికినా, అసలు కదలకపోయినా ముందు ఆ అతుకులే చూడండి. పాత టంకం పూర్తిగా తీయకుండా మోటార్‌ను లాగితే బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది.

సున్నా దగ్గర తేడా వస్తే మోటార్‌ను తిట్టి లాభం లేదు. ఇరుసును గడియారానికి ఎదురు దిశలో ఆగేదాకా మెల్లగా తిప్పి, కీ ఆన్ చేసి, ముల్లును వదులుగా పెట్టాలి. జీపీఎస్ వేగంతో సరిపోలాకే గట్టిగా నొక్కాలి. మరీ లోపలికి దిగితే డయల్‌కి రాసుకుని మధ్యలో ఆగిపోతుంది. ముల్లుకీ డయల్‌కీ మధ్య కార్డు మందం సందు చాలు.

కిట్‌లోని ముల్లు పీకే ఫోర్కు మాత్రం దండగ. వాడక తప్పకపోతే అడుగున మందపాటి కాగితం వేసుకోండి, లేదంటే డయల్ గీతలు పడుతుంది.