టర్బో కారులో ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్: కంపెనీదా, బయటిదా? ఏది మేలు?

పెద్ద పంపు వేశాం, పెద్ద ఇంజెక్టర్లు వేశాం, ఇక రెగ్యులేటర్ కూడా మార్చాల్సిందేనని చాలామంది ముందే తీర్మానించేసుకుంటారు. ఇంజెక్టర్లకు అందే పెట్రోలు ప్రెజర్‌ను అదుపులో పెట్టే భాగమే రెగ్యులేటర్. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టాన్ని రైల్ అంటారు. ఆ రైల్‌కు గేజ్ పెట్టి చూడనిదే ఆ డబ్బు తీయొద్దు. మిత్సుబిషి 4జి63 టర్బో ఇంజన్‌నే తీసుకుందాం. ఎక్లిప్స్‌లోనూ ఎవొల్యూషన్‌లోనూ వచ్చింది అదే. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ లైను ఉన్న నిస్సాన్ ఎస్‌ఆర్20, సుబారు ఈజే ఇంజన్లకూ లెక్క ఇదే.

ముందు ఒక అపోహ తీరాలి. కంపెనీ రెగ్యులేటర్‌కు బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెజర్) సంగతి తెలియదని, బయటిదైతేనే బూస్ట్‌తో పాటు ప్రెజర్ పెంచుతుందని అంటుంటారు. అది నిజం కాదు. రెండింటిలోనూ ఉన్నది ఒక డయాఫ్రం (వంగే పలుచని పొర), ఒక స్ప్రింగు, ఇంజన్‌కు గాలి పంచే మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్నని హోసు. బూస్ట్ ఒక పీఎస్ఐ పెరిగితే రైల్‌లో ప్రెజరూ ఒక పీఎస్ఐ పెరుగుతుంది. బేస్ (బూస్ట్, వాక్యూమ్ ఏదీ లేనప్పటి రైల్ ప్రెజర్) 43.5 ఉన్న బండిలో 20 పీఎస్ఐ బూస్ట్ దగ్గర రైల్ 63.5 చూపించాలి. ఇంజెక్టర్‌కు అటూ ఇటూ తేడా ఎప్పుడూ అదే 43.5.

అసలు తేడా పెట్రోలును వెనక్కి వదిలే దారి వెడల్పులో ఉంది. తొలి తరం ఎక్లిప్స్ టర్బో మాన్యువల్ కారులో బేస్ ప్రెజర్ సుమారు 37 పీఎస్ఐ, ఇంజెక్టర్లు నిమిషానికి 450 సీసీవి. అందులో గంటకు 255 లీటర్ల వాల్‌బ్రో పంపు వేశారనుకోండి. ఐడిల్‌లో ఇంజన్ తాగేది గంటకు ఒకటి రెండు లీటర్లు. మిగిలినదంతా రెగ్యులేటర్ గుండానే ట్యాంకుకు తిరిగిపోవాలి. చిన్న పంపును చూసి చేసిన రంధ్రంలోంచి అంత పెట్రోలు పోలేదు, ప్రెజర్ 37 దాటి పైకి ఎక్కి కూర్చుంటుంది. దీన్నే ఓవర్‌రన్ అంటారు.

ఇక్కడే చాలామంది ట్యూనింగ్ తప్పుతుంది. ఇంజెక్టర్ వదిలే పెట్రోలు ప్రెజర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఐడిల్‌లో 37 కాస్తా 50 అయితే పెట్రోలు 16 శాతం ఎక్కువ పడుతుంది. ఆ రిచ్‌ను, అంటే గాలికి మించి పెట్రోలు పడటాన్ని చూసి ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఇంజెక్టర్ స్కేలింగ్ (పెట్రోలు పోసే లెక్క) మొత్తాన్ని తగ్గించేస్తారు. ఫుల్ థ్రాటిల్‌లో నాలుగు 450 సీసీ ఇంజెక్టర్లు 85 శాతం డ్యూటీలో, అంటే 85 శాతం సమయం తెరుచుకుని, గంటకు 92 లీటర్లు తాగేస్తాయి. వెనక్కి పోయేది తగ్గుతుంది, ఓవర్‌రన్ మాయమవుతుంది, తేడా మళ్లీ 37 దగ్గరికి వస్తుంది. తగ్గించిన స్కేలింగ్ మాత్రం అలాగే ఉంటుంది. ఫలితం, నిండు బూస్ట్‌లో 14 శాతం లీన్, అంటే పెట్రోలు అంత తక్కువ. నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం), ఆపైన పిస్టన్ ల్యాండ్ (రింగుల మధ్య గట్టు) విరగడం.

బయటి రెగ్యులేటర్ సంపాదించే జీతం ఇక్కడే. ఏరోమోటివ్, టర్బోస్మార్ట్, ఫ్యూల్యాబ్ లాంటివి దారి వెడల్పుగా చేస్తాయి, బేస్‌ను స్క్రూతో పెట్టుకోనిస్తాయి. ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం) పోసేవాళ్లకు ఇథనాల్‌కు తట్టుకునే డయాఫ్రం ఉన్నదే కావాలి. పెట్రోలు కంటే సుమారు 30 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి కాబట్టి పంపూ పెద్దదవుతుంది. అక్కడ కంపెనీదాన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

కంపెనీ పంపు, కంపెనీ ఇంజెక్టర్లు ఉంచి, బూస్ట్ కాస్త పెంచి, ఈసీయూ మాత్రమే ఫ్లాష్ చేసుకున్న బండికైతే కంపెనీ రెగ్యులేటరే మేలు. రైల్‌కు రెండు బోల్టులతో కూర్చుంటుంది, ఏళ్ల తరబడి కారదు. బయటిది వేస్తే రైల్ అడాప్టర్, హోసులు, ఆరేడు జాయింట్లు కొత్తగా చేరతాయి. అవన్నీ టర్బో వేడికి దగ్గర్లోనే. వీటి ఖర్చు రెగ్యులేటర్ ధరకు దగ్గరగా వస్తుందని లెక్కలో వేసుకోండి. స్క్రూ తిప్పి ప్రెజర్ పెంచితే పవర్ వస్తుందన్న ఆశ కూడా వద్దు. ప్రెజర్ పెరిగేకొద్దీ పంపు ఇచ్చే లీటర్లు తగ్గుతాయి. ఇంజెక్టర్ చాలకపోతే ఇంజెక్టర్ మార్చండి.

బయటిది వేసినా ప్రెజర్ దిగలేదంటే స్క్రూను పూర్తిగా వదులు చేసి చూడండి. అప్పటికీ 45 కంటే కిందికి రాకపోతే తప్పు రెగ్యులేటర్‌ది కాదు, రిటర్న్ లైను సన్నం. ట్యాంకు దాకా ఆరో నంబరు హోసు, అంటే మూడు ఎనిమిదో వంతుల అంగుళంది, వేయాలి. ఈ పని వదిలేసి ఖరీదైన రెగ్యులేటర్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

బిగించేటప్పుడు రెగ్యులేటర్ ఎప్పుడూ రైల్ తర్వాత, రిటర్న్ వైపే ఉండాలి. ఓ-రింగ్ ఉన్న ఫిట్టింగులకు చుక్క ఇంజన్ ఆయిల్ చాలు. టెఫ్లాన్ టేపు చుడితే ముక్కలు ఊడి లోపల ఇరుక్కుంటాయి. రెగ్యులేటర్ సన్నని హోసును (వాక్యూమ్ హోసు) థ్రాటిల్ బాడీ తర్వాత, మానిఫోల్డ్ నుంచి విడిగా తీయండి. బూస్ట్ గేజ్‌తోనో బ్లో-ఆఫ్ వాల్వ్‌తోనో పంచుకోవద్దు. రెండు చివరలా క్లిప్పు వేయండి. ఆ హోసు బూస్ట్‌లో ఊడితే 43.5 బేస్ అలాగే నిలిచిపోతుంది. 20 పీఎస్ఐ దగ్గర ఇంజెక్టర్‌కు మిగిలే తేడా 23.5 మాత్రమే, పెట్రోలు నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది.

బేస్ పెట్టడానికి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా వాక్యూమ్ హోసు తీసి దాని మూతి మూయండి. లాక్‌నట్ వదులు చేసి స్క్రూ తిప్పండి, కుడివైపు తిప్పితే పెరుగుతుంది. నట్ బిగించాక మళ్లీ చూడండి, బిగింపులోనే ఒకటి రెండు పీఎస్ఐ జరుగుతుంది. హోసు తిరిగి పెడితే వాక్యూమ్‌ను బట్టి 8 నుంచి 10 దాకా దిగాలి. బూస్ట్ పరీక్షకు రోడ్డెక్కక్కర్లేదు. ఇంజన్ ఆపి, ఫ్యూయల్ పంపు మాత్రం నడుపుతూ, గేజ్ ఉన్న సైకిల్ పంపుతో రెగ్యులేటర్‌కు వాక్యూమ్ హోసు తగిలే నాజిల్‌కు 20 పీఎస్ఐ గాలి కొట్టండి. రైల్ 63.5 చూపి నిలవాలి. ఇక్కడ సరిగ్గా ఉండి, నిండు లోడ్‌లో మాత్రం పడిపోతుంటే పంపు, ఫిల్టరు, పంపుకు వెళ్లే వోల్టేజీ చూడండి.

వాక్యూమ్ హోసు లాగినప్పుడు పెట్రోలు తడి తగిలితే డయాఫ్రం చిరిగినట్టే. నల్లపొగ, వేడి మీద స్టార్ట్ కాకపోవడం కూడా దాంతోపాటే వస్తాయి. కంపెనీదైనా బయటిదైనా అదే గుర్తు. ఇంజన్ బేలో పెట్టే ద్రవం నింపిన గేజ్‌లు వేడెక్కితే తప్పు చూపిస్తాయి, చల్లగా ఉన్నప్పుడే చదవండి. పేరున్న బ్రాండ్ల నకిలీలు సగం ధరకే దొరుకుతాయి. వాటి కంటే పాత కంపెనీ రెగ్యులేటరే నయం.

మన రోడ్ల మీది పోలో టీఎస్ఐ, బలెనో బూస్టర్‌జెట్ లాంటి వాటికి ఈ బేరమే లేదు. అవి పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు, రైల్ ప్రెజర్‌ను హై ప్రెజర్ పంపు ద్వారా ఈసీయూనే నడుపుతుంది. బండి ఏదైనా కొనేముందు బానెట్ ఎత్తి చూడండి. రైల్‌కు ఒక్క గొట్టమే వెళ్తూ రిటర్న్ లేకపోతే, రెగ్యులేటర్ ట్యాంకు లోపలో పంపు దగ్గరో ఉంటుంది. ఆ రైల్ చివర బిగించడానికి మీ చేతిలోని రెగ్యులేటర్‌కు చోటే లేదు.