వెనామీ గ్రోత్ లైను, టఫ్ లైను: రెండు రకాల సీడూ ఏళ్ల తరబడి వేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మీది బోరు నీళ్ల చెరువు, ఉప్పదనం అయిదారు పీపీటీ (లీటరుకి అన్ని గ్రాముల ఉప్పు) దాటదు, కరెంటు ఎప్పుడు పోతుందో నమ్మకం లేదు అంటే గ్రోత్ లైను సీడు (త్వరగా పెరిగేలా ఏరి తీసిన వెనామీ రొయ్య పిల్లలు) జోలికి పోకండి. మా చెరువుల్లో దానికి ఐదుకి రెండున్నర ఇస్తా. అదే సీడుకి క్రీకు (సముద్రపు పాయ) నీళ్లు, 15 పీపీటీ పైన ఉన్నోళ్ల దగ్గర నాలుగు ఇచ్చేయొచ్చు. టఫ్ లైనుకి, అంటే జబ్బుని తట్టుకునేలా ఏరిన రకానికి, మా దగ్గర నాలుగు. ఒకే సీడుకి రెండు మార్కులేంటండీ అంటారా, ఆ సంగతి చెప్దామనే ఇది రాస్తున్నా.

మాది భీమవరం వైపు. 1990ల్లో టైగర్ రొయ్యని తెల్లమచ్చ వైరస్ తుడిచిపెట్టాక చెరువులు వదిలేసుకుని, 2009లో వెనామీకి పర్మిషన్ వచ్చాక మెల్లగా మళ్ళీ దిగినోళ్లలో మేమూ ఉన్నాం. అప్పట్లో సీడంటే ఒకటే మాట, "ఎస్పీఎఫ్ ఉందా లేదా". ఇప్పుడు హేచరీకి ఫోన్ చేస్తే గ్రోత్ లైను కావాలా, రెసిస్టెంట్ (అదే టఫ్) కావాలా, బ్యాలెన్స్‌డ్ కావాలా అని అడుగుతున్నారు, రేటు కూడా పిల్లకి కొన్ని పైసలు తేడా. పైసలే కదా అనిపిస్తది గానీ ఎకరాకి లక్షల్లో వేసేటప్పుడు ఆ పైసలే వేలవుతాయి.

ఈ ఎస్పీఎఫ్ మీద మనోళ్లలో ఇంకా ఒక అపోహ ఉంది. ఫలానా జబ్బులు లేవని టెస్ట్ చేసిన తల్లుల నుంచి వచ్చింది అని మాత్రమే దానర్థం, జబ్బు రాదని కాదు. హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో వచ్చిన బ్రూడర్లని (తల్లి రొయ్యల్ని) చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, టెస్టులయ్యాకే హేచరీకి ఇస్తారు. అక్కడి దాకా శుభ్రమే. మన చెరువు గట్టు మీద ప్యాకెట్ విప్పిన నిమిషం నుంచి ఆ సర్టిఫికెట్‌కి విలువ లేదు, కాకి ఒక చచ్చిన రొయ్యని తెచ్చి పడేస్తే చాలు.

అసలు ఈ లైన్లు ఎలా తయారవుతాయో తెలిస్తే సగం గొడవ తీరిపోద్ది. ఒక్కో జత పిల్లల్ని ఒక్కో కుటుంబంగా విడిగా పెంచుతారు, కొంచెం సైజు వచ్చాక తోకలో రంగు గుర్తులు ఎక్కించి అన్నిటినీ ఒకే చెరువులో కలిపేస్తారు, తర్వాత తూకం వేసి ఏ కుటుంబం బాగా పెరిగిందో ఆ కుటుంబం నుంచి తర్వాతి తరం తల్లుల్ని ఏరతారు. జబ్బు పరీక్ష మాత్రం వేరే చోట. అదే కుటుంబంలో కొన్నిటికి కావాలని వైరస్ ఎక్కించి ఎన్ని బతికాయో చూస్తారు, బతికినవాటిని వెనక్కి తేలేరు కాబట్టి జబ్బు తగలని వాటి తోబుట్టువుల్ని ఏరుకుంటారు. ఇందులో తిరకాసు ఏంటంటే బరువు పెరిగే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి బాగానే దిగుద్ది, తెల్లమచ్చని తట్టుకునే గుణం చాలా తక్కువ దిగుద్ది. అందుకే గ్రోత్ లైన్లు తరం తరానికీ పరిగెత్తాయి, టఫ్ లైన్లు నడుస్తూ వస్తున్నాయి. ఆ తూకాలు కూడా శుభ్రమైన సముద్రపు నీళ్లలో, జబ్బుల్లేని చోట వేసినవి. మన బోరు నీళ్లలో అదే కుటుంబం ఫస్ట్ రావాలని రూలేం లేదు.

మా చెరువులో గ్రోత్ లైను ఎలా ఉంటదంటే, మొదటి నెలన్నర చూస్తే కళ్లు చెదురుతాయి, విసురు వల వేసి తూకం చూస్తే పక్కోడి చెరువు కంటే వారం పది రోజులు ముందుంటది, మేత కూడా చెక్ ట్రేలో (ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) ఇట్టే ఖాళీ. అసలు కష్టం 100 కౌంటు (కిలోకి వంద తూగే సైజు) దాటాక మొదలు. వేగంగా పెరిగేది వెంటవెంటనే గుల్ల వదలాలి, వదిలిన ప్రతిసారీ నీళ్లలోంచి ఖనిజాలు లాక్కోవాలి, ఆక్సిజన్ ఎక్కువ కావాలి. బోరు నీళ్లలో పొటాషియం పెద్దగా ఉండదు, మెగ్నీషియం చాలదు. సముద్రపు నీటి లెక్కన 5 పీపీటీ నీళ్లలో పొటాషియం 50 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) పైన, మెగ్నీషియం 190 దాకా ఉండాలి, మా నీళ్లు ల్యాబ్‌లో ఇస్తే పొటాషియం అందులో పావు కూడా రాదు. ఎకరా చెరువులో నాలుగడుగుల నీటికి పొటాషియం 10 పీపీఎం పెంచాలంటే రెండు బస్తాల పొటాష్ పోయాలి, అదీ కొంత మట్టి తాగేస్తది, మళ్ళీ మళ్ళీ పోయాలి. అమావాస్య పౌర్ణమి దగ్గర పడేసరికి లూజ్ షెల్ (గుల్ల మెత్తబడి వదులవడం), తెల్లారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 4 పీపీఎం కిందకి పోతే గట్టు పక్కన తేలడం. టఫ్ లైను కూడా ఇవే నీళ్లలో పెరుగుద్ది గానీ నిదానంగా గుల్ల వదులుద్ది కాబట్టి మన పొటాష్ బస్తాలు దాన్ని అందుకోగలవు.

కాబట్టి పట్టుబడి రోజు లెక్క ఇలా తేలేది: గ్రోత్ లైను 30 కౌంటు చూపిస్తది గానీ బతికింది తక్కువ, టఫ్ లైను 45, 50 కౌంటు దగ్గర ఆగినా టన్నులు ఎక్కువ, మేత ఖర్చు కిలోకి తక్కువ. 30 కౌంటు రేటు ఎక్కువే, కాదనను, కానీ పోయిన రొయ్యలు తిన్న మేత బిల్లు కూడా మనమే కట్టాలి కదా.

ఈహెచ్‌పీ (రొయ్య కాలేయంలో చేరే సూక్ష్మ పరాన్నజీవి) ఉన్న చెరువులో మాత్రం ఏ లైనైనా ఒకటే. పిల్లల్లో పెద్దా చిన్నా తేడాలొచ్చి, తింటుంది గానీ పెరగదు, దానికి మందు లేదు, మందు పేరుతో అమ్మేవన్నీ మన జేబు తేలిక చేసేవే. చెరువు బాగా ఎండగట్టి, ఎకరాకి సుమారు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం దున్ని తడిపితే బీజాలు చస్తాయి. మా చుట్టుపక్కల లీజు చెరువుల్లో ఆ ఖర్చు ఎవరూ పెట్టరు, వచ్చే ఏడాది ఇంకొకడు వేస్తాడు కదా అని. సీడు మార్చి ఈహెచ్‌పీ తప్పించుకుందాం అనుకునే వాళ్లని చూస్తే జాలేస్తది.

ఇంకోటి, చవగ్గా దొరికే సీడు. కొన్ని చోట్ల చెరువులో పెరిగిన రొయ్యల్నే తల్లులుగా వాడేస్తారు. వాటిలో చాలావరకు తోబుట్టువులే, వాటిని కలిపితే రెండు మూడు తరాల్లోనే బతుకూ పడిపోద్ది పెరుగుదలా పడిపోద్ది, పైగా చెరువు జబ్బులన్నీ మోసుకొస్తాయి. ఈక్వెడార్ వాళ్లు చెరువుల్లో బతికి బట్టకట్టిన వాటినే ఏరి తల్లుల్ని చేసుకున్నారు కదా అని ఒక కన్సల్టెంట్ నాతో వాదించాడు. నిజమే, వాళ్లు చేశారు, కానీ లెక్కలు రాసుకుంటూ తరాల తరబడి ఏరారు, పైగా మనకంటే చాలా పల్చగా వేస్తారు. మన దగ్గర రూల్లో చదరపు మీటరుకి 60 గరిష్ఠం అని ఉంటే దాన్నే టార్గెట్ అనుకునేవాళ్లు ఉన్నారు. నేను బోరు నీళ్లలో టఫ్ లైనైనా ఎకరాకి లక్ష, లక్షా పాతిక దాటించను.

వేసవి పంటకి, అంటే ఫిబ్రవరి మార్చిలో వేసేదానికి, నీళ్లు వేడెక్కుతూ పోతాయి కాబట్టి తెల్లమచ్చ ఒత్తిడి తక్కువ, అప్పుడు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) దండిగా ఉన్నోళ్లు ఒక చెరువులో గ్రోత్ లైను వేసి చూడొచ్చు. వర్షాలు, చలి పంటకి మాత్రం వద్దే వద్దు. ఏదేసినా హేచరీలోనే మీ చెరువు ఉప్పదనానికి దింపి ప్యాక్ చేయమనండి, వీలుంటే మూడు వారాలు నర్సరీలో ఉంచండి, బ్రూడర్ ఏ కంపెనీదో కాదు ఏ లైనో, ఏ బ్యాచ్‌దో కాగితం మీద అడగండి. కాగితం ఇవ్వని చోట నేను అడ్వాన్సు ఇవ్వడం మానేశా.